గేట్లు మిగిలాయి, ఆ చూపు ఎవరికి అందింది?

2009 జూన్ 22న కమ్మరి ఫిలిప్ సిమన్స్ కన్నుమూసేనాటికి ఆయనకు 97 ఏళ్లు. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలోని చార్లెస్టన్ నగరంలో నడుస్తుంటే ఆయన చేసిన గేటో, బాల్కనీ కటకటాలో, కిటికీ ఊచలో ఎదురవుతూనే ఉంటాయి. ఐదు వందలకు పైగానే చేశారంటారు. 1976లో వాషింగ్టన్‌లో జానపద కళల ఉత్సవంలో జనం చూస్తుండగా ఆయన చేసిన ‘నక్షత్రం, చేప’ గేటును స్మిత్సోనియన్ సంస్థ భద్రపరిచింది. 1982లో జాతీయ వారసత్వ పురస్కారం వచ్చింది. ఈ వివరాలు చదివిన ప్రతిసారీ నాకు ఏదో వెలితి. ఇనుమును దాచుకున్నాం సరే, ఆ ఇనుము రంగు చూసి అదును పట్టిన కన్ను సంగతేమిటి?

కమ్మరంలో బలం కంటే చూపు పెద్దది. కొలిమి ఉన్నచోట వెలుతురు తక్కువగా ఉంచేది అందుకే. కాలుతున్న ఇనుము ముదురు ఎరుపు నుంచి నారింజకు, ఆపైన పసుపుకు తిరుగుతుంది. ఏ రంగులో పట్టకారుతో తీసి దాగలి అనే ఇనుప దిమ్మె మీద పెట్టాలో, ఎన్ని దెబ్బలయ్యాక మళ్లీ నిప్పుల్లో పెట్టాలో క్షణాల్లో తేల్చుకోవాలి. మరీ ఆలస్యమైతే తెల్లటి రవ్వలు చిమ్ముతాయి, ఆ కొస ఇక కాలిపోయినట్టే. ఉక్కుకు పదును పట్టించడం ఇంకా సున్నితం. నీళ్లలోనో నూనెలోనో ముంచి గట్టిపరిచాక మెల్లగా మళ్లీ కాస్తుంటే పైన రంగులు పాకుతాయి. సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డి రంగు, 300 దగ్గర నీలం. గడ్డి రంగులో ఆపితే అంచు వాడిగా నిలుస్తుంది. నీలం దాకా పోనిస్తే స్ప్రింగులా వంగి లేస్తుంది. అంకెలు పుస్తకంలో దొరుకుతాయి. ‘ఇదిగో, ఇదే ఆ రంగు’ అని చూపించాలంటే మాత్రం పక్కన మనిషి ఉండాలి.

సిమన్స్‌కు అలా చూపించినవారు పీటర్ సిమన్స్. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. పీటర్ బానిసగా పుట్టినవారు. ఫిలిప్ 13 ఏళ్ల వయసులో ఆయన దగ్గర పనిలో చేరారు. గుర్రాలకు నాడాలు, బండ్లకు చక్రాల పని. మోటారు వాహనాలొచ్చి ఆ పని తగ్గిపోయాక ఫిలిప్ అలంకార పనికి మళ్లారు. దీన్ని కొత్త వృత్తి అనుకుంటే పొరపాటు. బండి పనిలో కుదిరిన చెయ్యే గేటుకు తీగచుట్టలు తిప్పింది. చార్లెస్టన్‌లోని గాడ్స్‌డెన్ భవనానికి ఫిలిప్ చేసిన గేటులోని పాము చూడండి. మొదట పెట్టిన కన్ను చచ్చిన పాము కన్నులా ఉందని ఆయనకు నచ్చలేదు. అది ప్రాణంతో చూస్తున్నట్టు కుదిరేదాకా మళ్లీ మళ్లీ చేశారు. ఎక్కడ ఆపాలో చెప్పే కొలబద్ద ఏదీ లేదు, ఆయనకు చాలనిపించాలి, అంతే.

బ్లేక్ వీధిలోని ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అలాంటివి ఉండాల్సిందే. అయితే పోయిన కమ్మరిని తలుచుకునేటప్పుడు నేను ముందుగా వెతికేది శిష్యుల్ని. ఆ విషయంలో సిమన్స్ ధన్యులు. సొంత బంధువులే ఆయన దగ్గర నేర్చుకుని, ఆయన పోయాక కూడా సుత్తి వదల్లేదు. 1989లో హ్యూగో తుపాను చార్లెస్టన్ పాత భవనాలను దెబ్బతీసినప్పుడు, వాటిని పాత పద్ధతిలో బాగుచేసే పనివాళ్లు చాలినంత మంది లేరని ఊరికి తెలిసొచ్చింది. ఆ కొరతలోంచి పుట్టిన భవన కళల కళాశాలలో ఇవాళ కమ్మరం డిగ్రీ చదువు. అక్కడ పిల్లలు కొలిమి ముందు నిలబడి రంగులు గుర్తుపట్టడం నేర్చుకుంటున్నారు.