స్కానర్ అద్దం సైజు చూశారా?
స్కానర్ కూడా ఉన్న లేజర్ ప్రింటర్ కొనేవాళ్లకు మీరిచ్చిన సలహాల్లో, చిన్న ఆఫీసుకు ఫ్లాట్‌బెడ్ స్కానర్ (కాగితం అద్దం మీద పెట్టి స్కాన్ చేసేది) ఉంటే చాలు, ఏడీఎఫ్ (కాగితాల కట్ట పెడితే ఒక్కొక్కటే తనే లాక్కునే భాగం) దండగ అని రాశారు. ఇంటి వరకూ సరే, ఆధార్ కార్డులకీ పిల్లల మార్కుల మెమోలకీ అది చాలు. ఆఫీసుకు మాత్రం ఒప్పుకోను. మాది దస్తావేజులు రాసే ఆఫీసు. ఇదే మాట నమ్మి నాలుగేళ్ల కిందట ఏడీఎఫ్ లేని లేజర్ ప్రింటర్ తెచ్చాం. తీరా చూస్తే అద్దం ఏ4 సైజే. మా కాగితాలేమో లీగల్ సైజు, 14 అంగుళాల పొడవు. అడుగున రెండు అంగుళాలకు పైగా, సరిగ్గా సంతకాలుండే చోటు, బయటే ఉండిపోయేది. ప్రతి పేజీ రెండుసార్లు స్కాన్ చేసి అతికించడం, అవతల పార్టీలు వాచీ చూసుకోవడం, ఒకటే టెన్షన్. చివరికి ప్రింటర్ పెట్టుకుని కూడా పక్కనున్న జిరాక్స్ షాపుకే పరిగెత్తేవాళ్లం! ఏడీఎఫ్ ఉన్న చాలా మోడళ్లలో లీగల్ కాగితం పడుతుంది, అయినా కొనేముందు ఒకటి పెట్టి చూసుకోవాలి. టోనర్ (అచ్చు వేసే పొడి) గురించి మీరు రాసింది మాత్రం నిజం. ప్రింటర్‌తో పాటు వచ్చే టోనర్ డబ్బాలో చాలాసార్లు పొడి తక్కువే ఉంటుంది. డబ్బా మీది పేజీల లెక్క కూడా, పేజీలో దాదాపు 5 శాతమే అచ్చు ఉంటుందనుకుని వేసింది. మా దస్తావేజుల్లో మార్జిన్ తప్ప ఖాళీ ఎక్కడుంటుంది?