కష్టం వచ్చిందంటే అమ్మానాన్నల ఉసురు తగిలినట్టేనా? ఒక సందేశానికి వాక్యం నుంచి జవాబు

విశ్వాసుల మధ్య ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతున్న సందేశం ఒకటుంది. దాని సారం ఇది. తల్లిదండ్రులను సన్మానించేవాడికి దీర్ఘాయుష్షు ఖాయం, కష్టం వాడి దరి చేరదు. కష్టం వచ్చిందంటే ఎక్కడో వాళ్ళ కన్నీరు తగిలినట్టే. వాళ్ళు ఏం చెప్పినా చేయడమే సన్మానం. దేవుని పనికి ఇచ్చేస్తే ఇంట్లోవాళ్ళ సంగతి ఆయనే చూసుకుంటాడు. దేవుని ఉద్దేశాలు మేలు కోసమేనన్న యిర్మీయా 29:11 ప్రకారం పరిస్థితి త్వరలోనే మారిపోతుంది. నిజంగా నమ్మినవాడు ఏడవడు, మందుల మీద ఆధారపడడు.

ప్రతి మాట పక్కనా ఒక వచనం వేశారు కాబట్టే ఇది ఇంతగా నమ్మకం పుట్టిస్తోంది. దీనివల్ల ఎక్కువగా నలిగిపోతున్నది మాత్రం ఇప్పటికే కష్టంలో ఉన్నవాళ్ళు: కేన్సర్ వచ్చిన తల్లికి సేవ చేస్తున్న కూతురు, బిడ్డను పోగొట్టుకున్న తండ్రి. ఆ వచనాలను ఉన్నచోటే తెరిచి, ముందూ వెనకా చదివి చూద్దాం.

"సన్మానిస్తే ఆయుష్షు ఖాయం, కష్టం రాదు"

నిర్గమకాండము 20:12 ఇలా ఉంది: "నీ దేవుడైన యెహోవా నీకనుగ్రహించు దేశములో నీవు దీర్ఘాయుష్మంతుడవగునట్లు నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము." ఈ మాట విన్నది ఐగుప్తు నుంచి బయటికొచ్చి, స్వంత దేశంలో అడుగు పెట్టబోతున్న ఒక జనాంగం. ముసలివాళ్ళను గాలికి వదిలేసే జనం ఆ దేశంలో నిలవదన్నది ఇందులోని మొదటి అర్థం. పౌలు ఎఫెసీయులకు 6:2-3లో దీన్ని వాగ్దానంతో కూడిన మొదటి ఆజ్ఞ అని పిలిచి, అన్యజనుల నుంచి వచ్చిన విశ్వాసులకు కూడా వర్తింపజేశాడు. కాబట్టి వాగ్దానం మనకూ ఉంది, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. పెద్దల మాట వినే ఇంట్లో పిల్లలు ఎన్నో ప్రమాదాల నుంచి తప్పించుకుంటారన్నది అందరికీ కనబడే సంగతే. కానీ పౌలు ఆ పత్రిక రాసింది సంకెళ్లలో ఉండగా. అదే అధ్యాయం 20వ వచనంలో ఆ మాట తనే చెప్పుకున్నాడు. ఈ వాగ్దానానికి కష్టం రాదని అర్థమైతే, అది రాసిన చేతికి గొలుసు ఉండకూడదు.

ఇంకో రుజువుంది, దాని ముందు ఈ వాదన నిలబడదు. యేసు తల్లిదండ్రులకు లోబడి ఉన్నాడని లూకా 2:51 చెబుతోంది. పరిచర్య మొదలుపెట్టేనాటికి ఆయనకు ఇంచుమించు ముప్పై ఏళ్లని లూకా 3:23 చెబుతోంది. మరి కొన్నేళ్లకే సిలువ. ఆ సిలువ మీద నుంచి కూడా తల్లి బాధ్యతను శిష్యుడికి అప్పగించాడు (యోహాను 19:26-27). ఆ ఆజ్ఞను లోపం లేకుండా నెరవేర్చినవాడు నడివయసైనా చూడలేదు. దీర్ఘాయుష్షును లెక్కగట్టి వసూలు చేసుకునే హామీగా ఈ వచనాన్ని చదివేవాళ్ళు దీనికి ఏం జవాబిస్తారు?

"కష్టం వచ్చిందంటే తల్లిదండ్రుల కన్నీరే కారణం"

మొత్తం సందేశంలో ప్రమాదకరమైన మాట ఇదే. ముందుగా తర్కం సరిచూద్దాం. విధేయతకు దీవెన ఉందని వాక్యం చెబుతుంది. దీవెన కనబడని ప్రతిచోటా అవిధేయత ఉందని చెప్పదు. ఆ తిరగేసిన మాట చెప్పినవాళ్ళు బైబిల్లో ఉన్నారు: తప్పేమీ చేయకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబు ముగ్గురు స్నేహితులు. వాళ్ళు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు (యోబు 2:13). అంతవరకు బాగానే చేశారు. నోరు తెరిచి, ఇంత బాధ వచ్చిందంటే ఇంత పాపం ఉండే ఉంటుందని లెక్క కట్టారు. చివరికి దేవుడు వాళ్ళతో చెప్పింది: "నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు" (42:7).

యోహాను 9లో శిష్యులు అడిగిన ప్రశ్న మన సందేశానికి మరీ దగ్గర. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి, పాపం వీడిదా, వీడి కన్నవారిదా అన్నారు. రెండూ కాదన్నాడు యేసు. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది గురించి కూడా, యెరూషలేములో ఉన్న మిగతావాళ్ళ కంటే వాళ్ళు అపరాధులని అనుకోవద్దన్నాడు (లూకా 13:4-5).

మరి మనిషి చేసిన తప్పు వల్ల కష్టం రాదా? వస్తుంది. దావీదు రాజు ఇంట్లోకి కత్తి వచ్చింది. కానీ ప్రవక్త నాతాను ఏం చేశాడో గమనించాలి. దావీదు ఊరియాను చంపించి అతని భార్య బత్షెబను తీసుకున్న సంగతి పేరుపెట్టి ముందుంచాడు, ఆ తర్వాతే ఫలితం చెప్పాడు. జరిగిన పనిని చూపి ఫలితం చెప్పడం ప్రవక్త పద్ధతి. బాధను చూసి, దానికి సరిపోయే పాపాన్ని ఊహించి అంటగట్టడం యోబు స్నేహితుల పద్ధతి. పరామర్శకు వెళ్లేవాళ్ళు ఈ తేడా గుర్తుంచుకోవాలి. "మీ అమ్మను ఎప్పుడైనా నొప్పించావా?" అని అడగకండి. "మంగళవారం రాత్రి ఆస్పత్రిలో నేను ఉంటాను, నువ్వు ఇంటికెళ్లి పడుకో" అని రోజు పేరు చెప్పి అడగండి. "ఏదైనా అవసరమైతే చెప్పు" అంటే దిగులులో ఉన్న మనిషి అడగలేడు. ఏం అడగాలో ఆలోచించే ఓపిక కూడా అప్పుడు ఉండదు.

"ఏం చెప్పినా చేయడమే సన్మానం"

ఇక్కడ కొలొస్సయులకు 3:20ని చూపిస్తారు: పిల్లలు అన్ని విషయాల్లో తల్లిదండ్రుల మాట వినాలి. సరే, ఆ వెంటనే 21వ వచనం తండ్రులు పిల్లల మనసు కుంగిపోయేలా వాళ్ళకు కోపం పుట్టించకూడదంటుంది. మొదటిది పంపి రెండోది కోసేయడం న్యాయం కాదు. పైగా ఎఫెసీయులకు 6:1 ఆ విధేయతను "ప్రభువునందు" అన్న హద్దులో పెట్టింది. పెళ్లయిన కొడుకు తండ్రినీ తల్లినీ విడిచి భార్యను హత్తుకోవాలని ఆదికాండము 2:24 చెప్పాక, కోడలి ప్రతి కదలికా అత్తగారి ఆజ్ఞ ప్రకారమే సాగాలనడానికి ఆధారం ఎక్కడిది?

యోనాతానును చూడండి. దావీదును చంపాలని తండ్రి సౌలు చెబితే చేయలేదు. దావీదు నీకు ఏ తప్పూ చేయలేదు, నిర్దోషి ప్రాణం ఎందుకు తీస్తావని మర్యాదగా అడిగాడు (1 సమూయేలు 19:4-5). తండ్రి ఈటె విసిరినా తండ్రిని వదల్లేదు, చివరికి గిల్బోవ యుద్ధంలో తండ్రితోపాటే పడిపోయాడు. కాదనడం, వదిలేయడం ఒకటి కావని అతని జీవితమే చెబుతోంది.

దావీదుది మరో దారి. సౌలు అతని మామ. గుహ బయట నిలబడి "నా తండ్రీ" అని పిలిచాడు, అతని మీద చెయ్యి వేయలేదు (1 సమూయేలు 24). సౌలు ఏడ్చి తప్పు ఒప్పుకున్నాడు. అయినా దావీదు అతనితో ఇంటికి వెళ్ళకుండా కొండలకే తిరిగి వెళ్ళాడు. ఇంట్లో కొట్టే, లైంగికంగా వేధించే తల్లో తండ్రో ఉన్నవాళ్ళకు ఈ భాగం చదివి వినిపించాలి. దూరంగా ఉండి, తిట్టకుండా, పగ తీర్చుకోకుండా, అవసరమైతే మూడో మనిషి ద్వారా సాయం పంపుతూ కూడా ఆజ్ఞను గౌరవించవచ్చు. దెబ్బలు తినడానికి తిరిగి వెళ్ళమని ఏ కాపరీ చెప్పకూడదు. పిల్లల మీద అఘాయిత్యం జరుగుతోందని తెలిస్తే సంఘంలోనే సర్దుబాటు చేయకుండా పోలీసులకు చెప్పాలి.

"దేవునికి ఇస్తే తల్లిదండ్రులను ఆయనే చూసుకుంటాడు"

ఈ మాటను యేసు పేరుపెట్టి ఖండించాడు. మార్కు 7:9-13లో, తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని "కొర్బాను", అంటే దేవార్పితం అని ప్రకటించి, ఇక వాళ్ళకేమీ చేయనక్కర్లేదనే ఆచారాన్ని ఎత్తిచూపాడు. మీ పారంపర్యాచారంతో దేవుని వాక్యాన్ని నిరర్థకం చేస్తున్నారన్నాడు. పౌలు ఇంకా గట్టిగా రాశాడు: "ఎవడైనను స్వకీయులను, విశేషముగా తన యింటివారిని సంరక్షింపక పోయినయెడల వాడు విశ్వాసత్యాగము చేసినవాడై అవిశ్వాసికన్న చెడ్డవాడై యుండును" (1 తిమోతికి 5:8). అదే అధ్యాయం 16వ వచనం విధవరాండ్రున్న ఇళ్లవాళ్ళే వాళ్ళకు సాయం చేయాలనీ, ఆ భారం సంఘం మీద వేయకూడదనీ అంటుంది. తండ్రి మందులు ఆగిపోయే స్థితిలో ఎవరైనా కానుక తెస్తే, ముందు ఆ మందులు కొనమని చెప్పి పంపడం కాపరి బాధ్యత.

"తండ్రిని తల్లిని ద్వేషింపకుంటే" అన్న లూకా 14:26ను ఇక్కడ అడ్డం పెట్టుకునేవాళ్ళున్నారు. మత్తయి 10:37 అదే సంగతిని "నాకంటె ఎక్కువగా" ప్రేమించడం అని చెబుతోంది. క్రీస్తుకు మొదటి స్థానం ఇవ్వాలి, నిజమే. ఆ మొదటి స్థానంలో ఉన్నవాడే కొర్బాను వద్దన్నాడు.

చేతల్లో సన్మానం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో తప్పేది ప్రేమ తగ్గి కాదు, తెలియక. మంచం పట్టిన మనిషిని కనీసం రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. మడమలు, తుంటి, నడుము కింది ఎముక దగ్గర రోజూ చూడాలి. నొక్కి వదిలినా పోని ఎరుపు కనబడితే పుండు మొదలైనట్టే. మధ్యలో రంధ్రం ఉన్న రింగు దిండ్లు చుట్టూ రక్తప్రసరణను ఆపి హాని చేస్తాయి, మామూలు దిండ్లతో మడమలను పైకి ఎత్తి ఉంచడం మేలు. కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. లేకపోతే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. బాగున్న పెద్దాయన ఒక్కసారిగా తికమకగా మాట్లాడితే మొండితనమనో చాదస్తమనో అనుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. మందుల పేరు, మోతాదు, వేళ, రాసిన డాక్టరు, ఈ నాలుగూ ఒక కాగితం మీద ఉండాలి. అది లేని ఇళ్లలో ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు పడిపోతుంది.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు డబ్బు లెక్క ఒకటీ, మనిషి దగ్గరుండే లెక్క ఒకటీ విడిగా రాసుకోవాలి. డబ్బు పంపేవాడు అంతా తనే చూసుకుంటున్నాననుకుంటాడు, రాత్రుళ్లు మేలుకునే చెల్లెలికి వారంలో ఒక్క రోజు కూడా సెలవుండదు. చాలా ఇళ్లలో గొడవ మొదలయ్యేది ఇక్కడే. డాక్టరు గదిలో తల్లి తలమీదుగా మాట్లాడకుండా ఆమెనే అడగనివ్వాలి. ఓపిక లేని వేళ ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టించుకోకూడదు. తల్లిదండ్రుల సొమ్ము దోచుకుని అది తప్పేం కాదనేవాణ్ణి సామెతలు 28:24 ఎవరితో జతకట్టిందో చదవండి.

"యిర్మీయా 29:11 ప్రకారం త్వరలోనే మారిపోతుంది"

ఆ వచనానికి ముందున్న పదో వచనమే దీన్ని కొట్టేస్తోంది: బబులోనుకు డెబ్బై సంవత్సరాలు. క్రీ.పూ. 597లో యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా వెళ్ళిన జనానికి రాసిన ఉత్తరం అది. అప్పటికే నలభై ఏళ్లున్న మనిషి తిరుగు ప్రయాణాన్ని చూసేదాకా బతకడమే కష్టం. త్వరలోనే అని చెప్పిన ప్రవక్త కూడా ఒకడున్నాడు. పేరు హనన్యా, రెండేళ్లలో అంతా తిరిగొస్తుందన్నాడు (28:3). అతను అబద్ధం ఆడాడని యిర్మీయా ముఖంమీదే చెప్పాడు.

దీర్ఘకాలం ఆగాల్సిన ఆ జనానికి దేవుడు చేయమన్న పనులు 5-7 వచనాల్లో ఉన్నాయి: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. పక్షవాతం వచ్చిన తండ్రి ఉన్న ఇంటికి ఇది సూటిగా పనికొస్తుంది. వచ్చే నెలకు లేచి నడుస్తాడని అప్పు తెచ్చి నెట్టుకురావడం హనన్యా లెక్క. కొన్నేళ్లు సాగవచ్చని ఖర్చు వేసుకోవడం, స్నానాల గదిలో పట్టుకోడానికి కడ్డీ బిగించడం, ఫిజియోథెరపీ మానకపోవడం, పిల్లల చదువు ఆపకపోవడం దేవుణ్ణి నమ్మి చేసే పనులు. దావీదు కూడా అంతే. పారిపోతున్న రోజుల్లో, దేవుడు తనకేం చేస్తాడో తెలిసేవరకు తల్లిదండ్రులను మోయాబు రాజు దగ్గర భద్రంగా ఉంచాడు (1 సమూయేలు 22:3-4). ముందేం జరుగుతుందో అతనికి తెలియదు, అయినా వాళ్ళకు నీడ చూపించాడు.

"నమ్మినవాడు ఏడవడు, మందులు వాడడు"

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. యేసు లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ముగుస్తుంది, ఆ తర్వాత స్తుతి లేదు. అలాంటి ప్రార్థన దేవుని గ్రంథంలోనే చోటు సంపాదించుకుంది. పౌలు తన శరీరాన్ని బాధిస్తున్న "ముల్లు" తీసేయమని మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". ముల్లు అలాగే ఉంది.

మందుల సంగతికొస్తే, జబ్బుపడిన హిజ్కియా రాజుకు పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే చెప్పాక కూడా, ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టించాడు (యెషయా 38:5, 21). తిమోతికి కడుపు జబ్బుకు కొద్దిగా ద్రాక్షారసం తీసుకోమన్నాడు పౌలు. తన తోటి పనివాడు త్రోఫిమును జబ్బుగానే మిలేతు పట్టణంలో విడిచి వచ్చాడు. అతని విశ్వాసాన్ని ఒక్క మాట అనలేదు.

ఈ మాట నమ్మి మందులు ఆపేస్తే ప్రాణాలు పోతాయి. టైప్ 1 మధుమేహం ఉన్నవాళ్ళు ఇన్సులిన్ మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే రక్తం ఆమ్లంగా మారి స్పృహ తప్పవచ్చు. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. కొన్ని బీపీ మందులు హఠాత్తుగా మానేస్తే రక్తపోటు ముందుకంటే పైకి ఎగబాకుతుంది. యాకోబు 5:14 చెప్పినట్టు సంఘపు పెద్దలను పిలిపించి ప్రార్థన చేయించుకోండి, ఆ రాత్రి మాత్ర కూడా వేసుకోండి. ప్రార్థన తర్వాత బాగైందని అనిపిస్తే పరీక్ష చేయించి, ఆ రిపోర్టు డాక్టరుకు చూపించండి. మోతాదు తగ్గించాలో, ఆపాలో, ఎన్ని వారాల్లో ఆపాలో డాక్టరే చెబుతారు.