అల్యూమినియం గారికి ఒక వెల్డరు వ్రాయునది

మహారాజశ్రీ అల్యూమినియం గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాయడానికి వీల్లేదు. నేను క్షేమంగా లేను. తమరూ క్షేమంగా లేరు, నిన్న మధ్యాహ్నం నుంచి నా బల్ల మీద ముద్దగా పడి ఉన్నారు. అంతకుముందు తమరు ఒక మోటారుసైకిల్ ఇంజన్ కవరు. బోల్టు పక్కన సన్నని పగులు. అరగంటలో ఇస్తానని దాని యజమానికి మాట ఇచ్చి, స్టూలు వేసి కూర్చోబెట్టాను. తమరు కారిపోవడం ఆయన దగ్గరుండి మరీ చూశారు.

తమరి సౌకుమార్యం నాకు తెలియనిది కాదు. 660 డిగ్రీలకే కరుగుతారు. ఒంటి మీది ఆక్సైడ్ పొర మాత్రం 2000 డిగ్రీలు దాటితే గాని కరగదు. గీకేస్తే, బ్రష్షు కింద పెట్టేలోగా మళ్లీ కప్పుకుంటారు. ఆ పొర కోసమే అప్పు చేసి ఏసీ టిగ్ మెషిను, అంటే దిశ మార్చుకునే కరెంటుతో వెల్డింగ్ చేసేది, కొన్నాను. కరెంటు ఒక దిశలో పొరను చీల్చాలి, రెండో దిశలో తమరిని కరిగించాలి, గాలి సోకకుండా పైన ఆర్గాన్ వాయువు పట్టాలి. పెళ్లికొడుక్కి కూడా ఇన్ని మర్యాదలు జరగవు.

పోనీ అనుకున్నాను. పోత పోసిన ఒంట్లోకి ఇంకిన నూనెను ఆర్క్, అదే కరెంటు మంట, తగలగానే కక్కి అతుకంతా చిల్లులు చేసినా సహించాను. సహించలేనిది ఒక్కటే: కరగబోయే ముందు రంగు ఎందుకు మారరు?

ఇనుము ఎర్రబడుతుంది, ఆపైన పసుపుకు తిరుగుతుంది, ఇక చాలని ముఖానే చెబుతుంది. తమరు ఆర్క్ పెట్టిన చోట వేడిని నిలవనివ్వరు, ఒళ్లంతా పంచేస్తారు. అందుకని మొదట ఎంతకీ కరగరు. కరెంటు పెంచే పెడల్ ఇంకాస్త తొక్కుతాం. కవరంతా వేడెక్కుతుంది, అయినా అదే తెలుపు, అదే మెరుపు. అంతలో అంచు మొత్తం జారిపోతుంది. పాతకాలం మేస్త్రీలు తమరిని వేడి చేసేటప్పుడు సబ్బుతో గీత గీసి, అది నల్లబడగానే మంట తీసేవారు. లోహం ఎంత కాగిందో సబ్బును అడిగి తెలుసుకోవాలా? ఒక్క రవ్వ ఎరుపు చూపిస్తే నీ సొమ్మేం పోయింది? చెప్పకుండా కూలిపోవడం ఏ ఊరి పద్ధతి? మనిషి ముందు నా పరువు తీశావు!

అవును, నువ్వే. ఇక తమరు లేదు.

సోల్డరింగ్ ఊసు ఎత్తను. సీసం, తగరం నీకు అంటవు, దొర్లి పడతాయి. రాగి తీగ అని అమ్మిన మోటార్లలో దాక్కుని మెకానిక్కులను ఏడిపించేదీ నువ్వే. ఇనుమును కోసే గ్యాస్ కట్టర్‌కు లొంగవు. గ్రైండర్ పెడితే కరిగి రాయికే పట్టుకుంటావు. రంపానికి కిరోసిన్ రాస్తే తప్ప దారి ఇవ్వవు.

అతుకు కుదిరిన రోజున మాత్రం, షాపు కట్టేసే వేళకు కూడా దాన్ని వేలితో నిమురుతూ కూర్చుంటాను. ఈ సంగతి మా వాళ్లకు చెప్పకు.

ఇనుము పని మాత్రమే చేయబడునని బోర్డు రాయిద్దామనుకున్నాను. పెయింటరు కంటే ముందు పాల కేంద్రం మనిషి వచ్చాడు. 40 లీటర్ల క్యాను, అడుగున చిల్లు. అదీ నువ్వేనట. రేపు తెమ్మన్నాను.

ఇట్లు,
సబ్బు కొని ఉంచిన వెల్డరు