పైకి చూసిన రైతు అబద్ధమాడుతున్నట్టేనా?

మా గుంటూరు బంధువుల గ్రూపులో వారం రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. అబద్ధమాడేవాడి కళ్లు కుడివైపు పైకి పోతాయట. నిజం చెప్పడానికి మెదడు శ్రమపడదట, అబద్ధానికే శ్రమ కాబట్టి తడబాటే సాక్ష్యమట. స్కాన్ తీస్తే మెదడులో అబద్ధాల కేంద్రం వెలుగుతుందట. పోలీసుల లై డిటెక్టర్ యంత్రం ముందు ఎవరి ఆటలూ సాగవట. పంపినవారు ముప్పై ఏళ్లుగా మిర్చి యార్డులో ఉన్న మా బాబాయి. ఆయన మీద ఉన్న గౌరవం ఈ సందేశం మీద లేదు.

కళ్ల సంగతి త్వరగా తేలిపోతుంది. 2012లో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్ బృందం నిజం చెప్పేవారి, అబద్ధమాడేవారి చూపులు ఎటు పోతున్నాయో లెక్కగట్టింది. తేడా కనబడలేదు. ఇక చూపు తప్పించడమంటారా, పెద్దలు గద్దిస్తుంటే కళ్లలోకి చూసే పిల్లవాణ్ని పొగరంటాం, తల దించుకుంటే దొంగంటాం. వాడు ఎటు చూడాలి?

శ్రమ మాటలో కొంత నిజముంది. జరిగింది నొక్కిపెట్టాలి, జరగనిది అల్లాలి, నిన్న చెప్పినదానితో పొసగించాలి. అబద్ధమాడినా అతికినట్టు ఉండాలంటారు కదా, ఆ అతుకు దగ్గరే పనంతా. కథను చివరి నుంచి మొదటికి చెప్పమంటే అబద్ధమాడేవారి తడబాటు ఎక్కువగా బయటపడుతుందని ఆల్డర్ట్ వ్రై బృందం 2008లో చూపింది. అయితే ఇదంతా అప్పటికప్పుడు అల్లే అబద్ధం గురించి. మిర్చి యార్డులో కొనేవారు రైతుతో చెప్పే 'కాయలో తేమ ఉంది, తాలు ఎక్కువ, ఈ ధర కూడా నీ ముఖం చూసి ఇస్తున్నాను' అనే మాట ఏళ్ల తరబడి నలిగి నున్నబడింది. అది చెప్పేవారికి నాలుక కదిపితే చాలు. (బాబాయీ, మిమ్మల్ని కాదు.) అదే రైతును మొదటి కోతకు ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చాయి, కూలికి ఎంతయిందని అడగండి. ఆగుతాడు, పైకప్పు వైపు చూస్తాడు, వేళ్లు మడుస్తాడు, చెప్పిన అంకె సరిదిద్దుకుంటాడు. గుర్తు తెచ్చుకోవడమూ శ్రమే మరి! ఆ సందేశం ప్రకారం దొరికిపోయేది రైతే. ఇక అబద్ధం అలవాటైపోతుంది కూడా: స్వలాభానికి అబద్ధమాడుతూ పోయిన కొద్దీ మెదడులో భావోద్వేగాలకు స్పందించే అమిగ్డాలా చప్పబడుతుందని 2016లో లండన్‌లో జరిగిన ప్రయోగం చెబుతోంది.

స్కాన్‌లో వెలిగే 'అబద్ధాల కేంద్రం' అంటూ ఏదీ లేదు. అబద్ధమాడేటప్పుడు చురుకయ్యేవి ప్రధానంగా మెదడు ముందుభాగాలు. పచ్చ సిరాతో రాసిన 'ఎరుపు' అనే మాటకు రంగు పేరు చెప్పమన్నా అవే పని చేస్తాయి. 2011లో జార్జియో గానిస్ బృందం ప్రయోగంలో, వరసగా తేదీలు చూపిస్తుంటే తమ పుట్టినతేదీ తెలియనట్టు దాచినవారిని స్కాన్ నూటికి నూరు శాతం పట్టింది. కొన్ని ఇతర తేదీలు కనబడినప్పుడు వేళ్లను కదిలీ కదలనట్టు కదపమని నేర్పాక అది 33 శాతానికి పడిపోయింది.

పోలీసుల యంత్రం కొలిచేది రక్తపోటు, శ్వాస, చెమట. నిర్దోషికి భయం వేయదా? సమ్మతి లేకుండా ఈ పరీక్షలు జరపరాదని 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో తేల్చింది.

ముప్పై ఏళ్లు యార్డులో ఉన్నాను, ముఖం చూస్తే చెప్పేస్తానన్నది బాబాయి చివరి వాదన. 2006లో బాండ్, డిపాలో అనే పరిశోధకులు, ఎదుటివారు చెప్పేది నిజమా అబద్ధమా అని 24,000 మందికి పైగా ఇచ్చిన తీర్పులను కూడి చూశారు. సగటున 54 శాతం సరిపోయాయి. రూపాయి బిళ్ల ఎగరేసినా 50 వస్తుంది, బాబాయీ.