గుర్రం ఎంతకు పడిందని కాదు, ఎట్లా వచ్చిందని అడగండి

గుర్రం ఇంటికి వచ్చినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎంతకు పడింది అన్నా?" లక్షా అరవై వేలు. చెప్పేశాను, ఇక అడగొద్దు. అది ఎట్లా వచ్చిందని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా కడుపుమంట అంతా అక్కడే ఉంది.

మాది టంగుటూరు దగ్గర పల్లె. మా తాత ఒంగోలు స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఆ పిచ్చి నాకూ అంటుకుంది. డిసెంబరులో నేనూ మా బావా రైలెక్కి సారంగఖేడా పోయాం. మహారాష్ట్రలో నందుర్బార్ జిల్లా, తాపీ నది ఒడ్డున ఊరు. దత్త జయంతికి అక్కడ గుర్రాల సంత మొదలవుతుంది. బేరం మన పశువుల సంతలో లాగే, తువ్వాలు కింద వేళ్ళతో. భాష రాకపోయినా ఇబ్బంది పడలేదు.

మాకు నచ్చింది ఒక మార్వాడీ ఆడగుర్రం. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతుంటాయి, ఈ జాతికి అదే గుర్తు. నాలుగేళ్ళన్నాడు అమ్మేవాడు. మా బావ ఎద్దుల పళ్ళు చూడటంలో దిట్ట. పైపెదవి ఎత్తి చూసి, "ఒరేయ్, దీనికి పైన కూడా పళ్ళున్నాయి!" అన్నాడు. ఎద్దుకు ముందు పళ్ళు కింద మాత్రమే ఉంటాయి కదా. చివరి పాలపళ్ళు ఇంకా ఊడలేదు. అవి నాలుగున్నరేళ్ళకు గానీ ఊడవు కాబట్టి వాడు చెప్పింది అబద్ధం కాదు. తర్వాత సుడులు చూడటానికి ఇంకో గంట. నడిపించాం, పరిగెత్తించాం, గిట్టలు ఎత్తి చూశాం. మొత్తం రెండు రోజులు గుర్రాన్ని చూశాం.

దాన్ని ఇంటికి తెచ్చే బండిని రెండు నిమిషాలు కూడా చూడలేదు.

సంతలోనే ఒకతను తగిలాడు. నలభై ఐదు వేలిస్తే ఇంటి ముందు దించుతానన్నాడు, "టెన్షన్ వద్దు సాబ్, రోజూ చేసే పనే" అన్నాడు. మేం డబ్బు కట్టి, టీ తాగి, రైలెక్కాం. పశువును ముక్కూమొహం తెలియనివాడికి అప్పగించి మేం బెర్తు మీద పడుకుని వచ్చాం. తాత బతికి ఉంటే చెర్నాకోల నాకే పడేది.

సారంగఖేడా నుంచి మా ఊరికి 1,100 కిలోమీటర్ల పైమాటే. ఇరవై మూడు గంటల్లో వచ్చేశాడు. ఊళ్ళో అందరూ భలే తొందరగా వచ్చిందే అన్నారు. నేనూ ముందు సంబరపడ్డాను. వెనక తలుపు తీశాక తెలిసింది. ఒక్క గుర్రానికని డబ్బు తీసుకుని దారిలో ఇంకో రెండు ఎక్కించి దించాడు, వాటి లద్దె ఇంకా అక్కడే ఉంది. కింద నున్నటి ఇనప రేకు, గుప్పెడు గడ్డి కూడా లేదు. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. తలను పైకి ఎత్తి, మూరెడు తాడుతో కమ్మీకి కట్టాడు. నీళ్ళు పెట్టావా అంటే "పెట్టాను సాబ్, తాగలేదు" అన్నాడు. బకెట్ చూస్తే అందులో అతని బట్టలు మడిచి ఉన్నాయి. ఆరోగ్య పత్రం అడిగితే ఒకటి ఇచ్చాడు. అందులో తెల్ల గుర్రమని రాసి ఉంది. నాది ముదురు ఎరుపు.

మర్నాటికి జ్వరం, దగ్గు. పశువుల డాక్టరు రాగానే అడిగిన మొదటి మాట, "తల ఎంతసేపు పైకి కట్టారు?" గుర్రం తల కిందికి దించితేనే ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్మూ కఫం బయటికొస్తాయట. గంటల తరబడి తల ఎత్తి కడితే అవి లోపలే నిలిచి చీము పడుతుంది. దూర ప్రయాణం చేసిన గుర్రాలకు వచ్చే జబ్బే ఇది. పది రోజులు ఇంజెక్షన్లు పడ్డాయి. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అంటారే, అట్లా అయింది.

ఈలోపు చుట్టాల ప్రేమ ఒకటి. నీరసంగా ఉందని మా బాబాయ్ ఒక గంపెడు ఉలవ గుగ్గిళ్ళు తెచ్చాడు. డాక్టరు ఆయన చేతిలోంచి గంప లాగేసుకున్నంత పని చేశాడు. గుర్రాలకు వాంతి చేసుకోవడం చేతకాదు. మేత ఒక్కసారిగా మార్చి బరువైన దాణా పెడితే కడుపునొప్పితో పొర్లి పొర్లి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. అక్కడి గడ్డే రెండు మోపులు తెచ్చుకుని, వారం పది రోజుల్లో మెల్లగా మన మేతలోకి మార్చాలట. నీళ్ళూ అంతే. కొత్త చోటి నీళ్ళు వాసన చూసి వదిలేస్తుంది. బయల్దేరే ముందు నుంచే కొంచెం బెల్లం కలిపి అలవాటు చేస్తే, ఎక్కడి నీళ్ళయినా ఒకటే రుచి అనుకుని తాగుతుంది.

అసలు భయం తర్వాత మొదలైంది. "గ్లాండర్స్ పరీక్ష చేయించారా?" అన్నాడు డాక్టరు. ఆ పేరు వినడం అదే మొదలు. గుర్రాలకూ గాడిదలకూ వచ్చే బాక్టీరియా జబ్బు, మనుషులకూ అంటుకుంటుంది. టీకా లేదు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద ప్రభుత్వానికి చెప్పి తీరాలి. తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందే. దీని పరీక్షలకు దేశంలో పెద్ద దిక్కు హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. రక్తం తీసి పంపారు. రిపోర్టు వచ్చేదాకా పొగాకు బ్యారన్ పక్క షెడ్డులో దాన్ని విడిగా కట్టి, పిల్లల్ని అటు పోనివ్వకుండా కాపలా కాశాను. లేదని వచ్చింది. సంతలో కొనే ముందే ఆ రిపోర్టు చూపించమని అడిగి ఉంటే ఆ నిద్ర లేని రాత్రులు ఉండేవి కావు.

ఆ రాత్రుల్లోనే 1978 నాటి పశు రవాణా నిబంధనలు చదివాను. గుర్రాలకు విడిగా రాసి ఉంది. డాక్టరు పత్రం ఉండాలి. కింద జారని పరుపు ఉండాలి. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల లావు వెదురు బొంగు కట్టాలి. ఎదురొచ్చే బండ్లకు బెదరకుండా తల ఎడమవైపుకు ఉండాలి. వెంట ఒక మనిషి ఉండాలి. వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు. ఆ లెక్కన బండి కదులుతున్న సమయమే 31 గంటలు దాటుతుంది. మధ్యలో ఆపి, తల విప్పి, నీళ్ళు పెట్టి, రాత్రి దించి పడుకోబెడితే నాలుగు రోజులు. నాలుగు రోజుల ప్రయాణాన్ని ఒక్క రోజుకు కుదించినందుకే మేం వాడికి నలభై ఐదు వేలిచ్చాం.

మన ఒంగోలు జాతి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ పోయాయి. నెల్లూరు పేరు మీద అక్కడ వాటిని నెలోర్ అంటారు, ఇప్పుడు మందలకు మందలున్నాయి. అప్పట్లో వాటి వెంట మేతా నీళ్ళూ చూసే మనిషి లేకుండా సముద్రం దాటాయంటే నేను నమ్మను. మనమేమో గుర్రాన్ని సోఫా సెట్టులాగా పార్సిల్ వేస్తున్నాం. మళ్ళీ వ్యాన్ దిగుతుంటే పాట పెట్టి రీల్ ఒకటి. ఆ రీల్స్‌లో మోకాళ్ళు చూడండి ఈసారి.

డ్రైవర్ని తిట్టాలని మొదలుపెట్టాను గానీ, అతని పక్క సీటు ఖాళీగా ఉంది. నేనో మా బావో అందులో కూర్చుని ఉంటే సగం తిప్పలు తప్పేవి.

నిన్న అద్దంకి కుర్రాడొకడు మెసేజ్ పెట్టాడు. రాజస్థాన్‌లో పుష్కర్ వైపు గుర్రం వీడియోలో చూసి అడ్వాన్స్ కొట్టేశాడట. "చీప్‌గా వచ్చే బండి ఉంటే చెప్పన్నా" అన్నాడు. దాని వెంట బండిలో ఎవరు కూర్చుంటారు తమ్ముడూ అని అడిగాను. చూశాడు, నీలం టిక్కులు పడ్డాయి. ఇంతవరకు జవాబు లేదు.