బోర్డు పోయిందట! ఏం కొలిచి చెప్పారు?

కంప్యూటర్ ఆన్ అవట్లేదని తీసుకెళ్తే, సీపీయూ డబ్బా పక్క మూత కూడా విప్పకుండా "మదర్‌బోర్డు పోయిందండీ, ఈ మోడల్ ఇప్పుడు రావట్లేదు, కొత్త సెట్ వేసేసుకోండి" అనేస్తున్నారు. మన వైజాగ్‌లో డెస్క్‌టాప్ వాడేవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. పాత బోర్డు దొరకదంటే ప్రాసెసర్, ర్యామ్ కూడా కొత్తవే కొనాలి కాబట్టి బిల్లు ఎక్కడికి పోతుందో వేరే చెప్పక్కర్లేదు. బోర్డులు పోవని నేననను. పోతాయి. కానీ మిగతావన్నీ చూశాక, ఆఖర్న అనాల్సిన మాట అది. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ బయటికి తీయకుండా ఆ మాట అనడమంటే నాడి పట్టకుండానే ఆపరేషన్‌కి రాసేయడం.

దీనికి తమ్ముడు లాంటి అన్యాయం ఇంకొకటుంది. స్క్రీన్ మీద చుక్క వెలుగు రాని సిస్టమ్‌కి "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అనడం. ఆన్ కాగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్ బయాస్, దానిలోకే వెళ్లలేని మెషీన్‌లో విండోస్ వంతు ఇంకా రానే లేదు. అలాంటప్పుడు ఫార్మాట్ కొడితే పోయేది మీ ఫొటోలే, కంప్లెయింట్ కాదు. రిపేరుకిచ్చే ముందు హార్డ్‌డిస్క్ గానీ ఎస్‌ఎస్‌డీ గానీ విప్పి ఇంట్లో ఉంచుకోండి. పవర్ సమస్య తేల్చడానికి వాళ్లకి దానితో పనే లేదు.

ముందు "ఆన్ అవట్లేదు" అంటే ఏం జరుగుతోందో సరిగ్గా చూడండి. బటన్ నొక్కితే అసలు ఉలుకూ పలుకూ లేదా? ఫ్యాన్లు ఒక్క క్షణం తిరిగి ఆగిపోతున్నాయా? అన్నీ తిరుగుతున్నాయి గానీ డిస్‌ప్లే రావట్లేదా? ఈ మూడూ మూడు వేరు జబ్బులు. మొదటిదైతే కరెంటు దారి వెతకాలి. రెండోదైతే ఎక్కడో షార్టుండొచ్చు. మూడోదైతే ముందు అనుమానం ర్యామ్ మీదే.

ఉలుకూ పలుకూ లేనప్పుడు యూపీఎస్‌ని తప్పించి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి చూడండి. ఇంటి యూపీఎస్‌లలో ఉండే 12 వోల్ట్ 7 ఏహెచ్ బ్యాటరీ చచ్చిపోయి, లోడ్ పడగానే యూపీఎస్ కూలబడి, నింద కంప్యూటర్ మీద పడటం మామూలే. తర్వాత కేస్ ముందున్న బటన్. బోర్డు అంచున పవర్ స్విచ్ వైర్లు వచ్చే రెండు పిన్నులుంటాయి, ఆ వైర్లు తీసేసి స్క్రూడ్రైవర్ కొనతో ఆ రెంటినీ ఒక్క సెకను తాకించండి. ఆన్ అయిందంటే పోయింది బటనే. రీసెట్ బటన్ వైర్లు తెచ్చి అక్కడ పెట్టుకుంటే పైసా ఖర్చు లేకుండా పనవుతుంది.

అప్పటికీ కాకపోతే ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి కావాల్సిన వోల్టులుగా మార్చే డబ్బా. నాలుగైదు వందల మల్టీమీటర్ చాలు. కంప్యూటర్ ఆఫ్‌లో ఉండి, వెనక సాకెట్‌లో కరెంటు ఉండగా, 24 పిన్నుల కనెక్టర్‌లో ఊదా రంగు వైరు మీద 5 వోల్టులు ఉండి తీరాలి. అదే స్టాండ్‌బై. అది లేకపోతే బటన్ ఎంత నొక్కినా వృథా. ఉంటే, కరెంటు తీసేసి, కనెక్టర్లన్నీ బోర్డు నుంచి విప్పేసి, లోడ్ కోసం ఒక పాత హార్డ్‌డిస్క్ తగిలించి, ఆకుపచ్చ వైరుని పక్కనున్న నల్ల వైరుకి పేపర్ క్లిప్‌తో కలిపి మళ్లీ కరెంటు ఇవ్వండి. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరగాలి. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో వైర్లన్నీ నలుపే, రంగు చూసి కుదరదు. ఊదాది 9వ పిన్ను, ఆకుపచ్చది 16వ పిన్ను, పిన్నుల బొమ్మ ఎదురుగా పెట్టుకుని చూసుకోవాలి. కొన్ని మోడళ్లలో వేడెక్కేదాకా ఫ్యాన్ తిరగదు, అది చూసి చచ్చిందనుకోవద్దు.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. క్లిప్ పెడితే ఫ్యాన్ తిరిగింది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుందనేస్తారు. ఖాళీగా తిరగడం వేరు, బరువు మోయడం వేరు. అన్నీ మళ్లీ బిగించి, సిస్టమ్ ఆన్ చేసి, కనెక్టర్ వెనక వైపు నుంచి మీటర్ ప్రోబ్ దూర్చి కొలవాలి. పసుపు మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25, నారింజ మీద 3.14 నుంచి 3.47 వోల్టుల మధ్య ఉండాలి. ఎవరూ చూడని వైరు ఇంకొకటుంది, బూడిద రంగుది, 8వ పిన్ను. "నా వోల్టేజీలన్నీ కుదురుకున్నాయి" అని ఎస్‌ఎంపీఎస్ బోర్డుకి చెప్పే సిగ్నల్ అది. ఆన్ చేసిన అర సెకనులోపు అది 5 వోల్టుల దగ్గరికి లేవాలి. లేవకపోతే బోర్డు ప్రాసెసర్‌ని కదలనివ్వదు. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. సరిగ్గా ఈ లక్షణం చూసే "బోర్డు పోయింది" అంటారు. పొద్దున్న నాలుగైదు సార్లు నొక్కితే గానీ లేవని, ఒకసారి లేచాక సాయంత్రం దాకా బాగానే నడిచే సిస్టమ్ ఉందంటే, ఎస్‌ఎంపీఎస్‌లో ఛార్జి దాచుకునే కెపాసిటర్లు ఎండిపోయాయేమోనని ముందు అనుమానించండి. దాని డబ్బా మాత్రం విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 నుంచి 400 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది.

ఇక మన ఊరి ప్రత్యేక రోగం ఉప్పుగాలి. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, కిర్లంపూడి లేఅవుట్ వైపు కిటికీ గ్రిల్స్ ఏమవుతాయో రోజూ చూస్తూనే ఉంటాం. ఆ గాలినే కేస్ ఫ్యాన్ లోపలికి లాక్కుంటుంది. ర్యామ్ పిన్నుల మీద బంగారు పూత చాలా పల్చన, దాని సందుల్లోంచి తేమ దిగి కింది లోహాన్ని తింటుంది. కేస్ వెనక పోర్టుల చుట్టూ ఉండే రేకు మీద తుప్పు మచ్చలు కనిపిస్తే లోపల స్లాట్ల పరిస్థితి ఊహించుకోవచ్చు. వన్‌టౌన్, పోర్టు వైపు ఇళ్లలో దీనికి బొగ్గు పొడి తోడు. పొడిగా ఉన్నంతసేపు ఊరుకుంటుంది గానీ చెమ్మ తగిలితే పిన్ను నుంచి పిన్నుకి కరెంటు పాకించగలదు. రోజూ నడిచే సిస్టమ్ తన వేడికి తనే ఆరుతుంది, మూల పెట్టిందే మొరాయిస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాతలా కరెంటు లేక రోజుల తరబడి ఆగిపోయిన మెషీన్ లేవకపోతే ముందు ర్యామ్ తీసి తుడవాలి, బోర్డుకి బేరమాడటం కాదు.

తుడవడం అంటే నోటితో ఉఫ్‌మని ఊదడం కాదు. ఉమ్మి తుంపర్లు పడి చిలుము ఇంకా పెరుగుతుంది. ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచి, మిగిలిన ఛార్జి పోయాక ర్యామ్ తీయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో రెండు వైపులా తుడవండి. పెన్సిల్ రబ్బరు కూడా పనిచేస్తుంది గానీ తేలిగ్గా, ఎప్పుడో ఒకసారి. ఇంకు రబ్బరుతో గట్టిగా రుద్దితే పూతే లేచిపోతుంది. స్లాట్‌ని మరిచిపోవద్దు, పొడి బ్రష్‌తో దులపండి. తర్వాత ఒక్కటే ర్యామ్, నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, రెండు చివర్లా టక్‌మనేదాకా నొక్కండి. డీడీఆర్5 బోర్డయితే మొదటిసారి ర్యామ్‌ని సరిచూసుకోవడానికే కొన్ని నిమిషాలు పట్టొచ్చు, నల్ల స్క్రీన్ చూసి కంగారుపడి ఆఫ్ చేయకండి.

ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయడం కూడా పరీక్షే. బోర్డుకి తగిలించే బుల్లి స్పీకర్, అదే బజర్, ఉండి బీప్ కొట్టినా, బోర్డు మీద డీర్యామ్ అని రాసిన లైటు వెలిగినా బోర్డు, ప్రాసెసర్ చాలావరకు బతికే ఉన్నట్టు. బజర్ చవకే, తెచ్చి ఉంచుకోండి.

మిగతావి గబగబా చూసేయొచ్చు. ప్రాసెసర్ పక్కనుండే 4 లేదా 8 పిన్నుల పవర్ కనెక్టర్ ఊడి ఉన్నా ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు. ఇంటెల్‌లో నంబరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌కి లోపల గ్రాఫిక్స్ ఉండవు, బోర్డు హెచ్‌డీఎంఐకి కేబుల్ పెట్టి ఎంత చూసినా ఏమీ రాదు. కేస్ ముందు వైపున్న యూఎస్‌బీ పోర్టులో పిన్ను వంగి రేకుకి తగిలితే సిస్టమ్ మొత్తం లేవకపోవచ్చు, ఆ వైరు బోర్డు నుంచి విప్పి చూడండి. బోర్డు మీదుండే గుండ్రటి సీఆర్2032 సెల్ 2.7 వోల్టుల కంటే తగ్గితే మార్చేయండి.

ఇవన్నీ అయ్యాక, బోర్డుని కేస్ బయట అట్టముక్క మీద పెట్టి, బాగుందని తేలిన ఎస్‌ఎంపీఎస్‌తో, ప్రాసెసర్, ఫ్యాన్, బజర్ మాత్రమే ఉంచి ఆన్ చేసినా బీపూ లైటూ లేకపోతే, అప్పుడనండి బోర్డు అని. అప్పుడు కూడా చెత్తబుట్టే దిక్కని కాదు. పవర్ ఇచ్చే మాస్‌ఫెట్ (బోర్డు మీద స్విచ్‌లా పనిచేసే చిన్న భాగం) ఒకటి షార్టయితే చిప్ లెవెల్ పని తెలిసినవాళ్లు మారుస్తారు. బయాస్ చెడితే ప్రోగ్రామర్‌తో మళ్లీ ఎక్కిస్తారు. కొన్ని బోర్డుల వెనక బయాస్ మళ్లీ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది, పెన్‌డ్రైవ్‌తో ఇంట్లోనే అయిపోతుంది.

షాపుకి తీసుకెళ్లేటప్పుడు ఊదా మీద ఎంత, పసుపు మీద ఎంత, ఏ లైటు వెలిగింది, ఏ స్లాట్‌లో ఏ ర్యామ్ పెట్టి చూశారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి డబ్బాకి అంటించండి. వారంటీలో ఉన్న బోర్డయితే ప్రాసెసర్ తీశాక సాకెట్ పిన్నులు కనిపించేలా వాళ్ల ముందే ఫొటో తీసుకోండి. పిన్ను వంగిందని తర్వాత వాళ్లంటే మీ దగ్గర చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.