డబ్బు ఇవ్వాలి, సరుకులు కాదు
ధనిక దేశాలు సాయం చేయాల్సిందే గానీ డబ్బిస్తే మధ్యలోవాళ్లు తినేస్తారు, సరుకులే పంపాలి అన్న వ్యాసకర్త మాట ఒప్పుకోలేను. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు తొమ్మిది వేల మంది చనిపోయారు. అప్పటికి ఆ దేశానికి అంతర్జాతీయ విమానాశ్రయం కాఠ్మాండూ ఒక్కటే, దానికి రన్‌వే కూడా ఒక్కటే. బరువైన విమానాలు వరసగా దిగేసరికి అది దెబ్బతిని, 196 టన్నులు దాటిన వాటిని ఆపేశారు. దిగిన సరుకేమో కస్టమ్స్ దగ్గర ఇరుక్కుంది. జాబితా లేకుండా వచ్చిన ప్రతి పెట్టెనూ విప్పాలి, వేరుచేయాలి, గోదాం చూడాలి. సింధుపాల్‌చోక్ కొండల్లో ఇల్లు కూలినవాళ్లకు జూన్‌లో వానలు పడేలోపు కావాల్సింది ఇంటికి 4×6 మీటర్ల టార్పాలిన్లు రెండు, తాడు, మేకులు, పైకప్పు రేకులు, మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు. వీటిలో చాలావరకు అక్కడో, సరిహద్దుకు ఇవతల మన ఊళ్లలోనో దొరికేవే. లారీలో వెళ్లేదానికి ఖండాలు దాటించడం ఎందుకు? తినేస్తారన్న భయం నిజమే, కాదనను. అందుకే అక్కడ ఇంటి సాయం 3 లక్షల నేపాలీ రూపాయలను మూడు విడతలుగా బ్యాంకు ఖాతాల్లో వేశారు. పునాది తనిఖీ అయ్యాకే రెండో విడత. ఆ పద్ధతిలో లోపం డబ్బు కాదు, జాప్యం. పునర్నిర్మాణ సంస్థ పని మొదలుపెట్టేసరికే ఆ ఏడాది చివరికి వచ్చింది, జనం మొదటి చలికాలం రేకుల కిందే గడిపారు.